పురుషుడు, వ్యక్తి: వ్యాకరణమునను చట్టమునను

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగము)

  

పండితులు ఒక మాటకొరకు తగవులాడుట లోకమునకు వినోదము. కూటికి రాని తగవని నవ్వి ఎవరి పనికి వారు పోవుదురు. కాని ఈ కొండలలోని నేల ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న ఒక మాట అర్థముపై ఆధారపడి, ఢిల్లీలో సర్వోన్నత న్యాయస్థానము ముందు నిలిచిన దినము కలదు. అది 1997వ సంవత్సరము జూలై 11వ తేది. ఆ మాట ఇంగ్లీషున ‘పర్సన్’. బొర్రా వారికి తీర్పు తెలియును. తీర్పునకు కీలకమైన మాట సంగతి అంతగా తెలియదు. నేటి ప్రసంగము ఆ మాటను గూర్చినది.

పర్సన్ అను శబ్దము ఇంగ్లీషు వ్యాకరణమునను కలదు, చట్టమునను కలదు. తెలుగువారు దానిని రెండు మాటలుగా విడదీసికొనిరి. వ్యాకరణమున వచ్చినపుడు ‘పురుష’ అనియు, చట్టమున వచ్చినపుడు ‘వ్యక్తి’ అనియు వాడుచున్నారు. ఇట్లు విడదీయుటచే సౌకర్యమే కలిగినది గాని, రెండింటికి నడుమనున్న చుట్టరికము మరుగున పడినది.

ముందు వ్యాకరణము మాట. ఇంగ్లీషు వ్యాకరణమును తెలుగు వ్యాకరణమును ఒకే యేట చదువు పిల్లవానికి ఇచటనే చిక్కు తగులును. ఇంగ్లీషున మొదటి పురుష ‘నేను’. తెలుగున ప్రథమ పురుష ‘వాడు, ఆమె, అది’. ‘నేను’ అనునది ఉత్తమ పురుష. తన్ను తాను ఉత్తముడని చెప్పుకొనుట మన పూర్వుల గర్వమని కొందరు వేళాకోళమాడుదురు. అది సరికాదు. ఉత్తమ మనగా ఇచట శ్రేష్ఠమని కాదు, వరుసలో కడపటిదని మాత్రమే. పాణిని క్రియా ప్రత్యయములను మూడేసి చొప్పున పేర్చి ప్రథమము, మధ్యమము, ఉత్తమము అని పేర్లు పెట్టెను. నీవు అను అర్థము వచ్చుచో మధ్యమము, నేను అను అర్థము వచ్చుచో ఉత్తమము, మిగిలిన చోట్లనెల్ల ప్రథమము అని నియమించెను. ఈ ‘మిగిలిన’ అను మాట గమనింపదగినది. మాటలాడువాడును గాక, వినువాడును గాక, ఎవరిని గూర్చి ఇతరులు మాటలాడుకొనుచుందురో వారందరును ఆ మిగిలినవారిలో చేరుదురు.

కావున వ్యాకరణమున పురుష యనగా మనిషి కాదు, ఒక స్థానము. పలుకునది రాజు కానిండు, బంటు కానిండు, కథలోని చిలుక కానిండు, ‘నేను’ అన్నంతనే అది ఉత్తమ పురుష. పలుకువాడు ఎట్టివాడని వ్యాకరణము అడుగదు. వాక్యమున ఎచట నున్నాడని మాత్రమే అడుగును. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిను ‘పెర్సోనా’ కూడ ఇట్టిదే. అది నటుడు ముఖమునకు తొడుగుకొను బొమ్మ మొగము పేరు. గ్రీకు వైయాకరణులు ముఖమను అర్థము గల మాటను వాడగా, రోమనులు తమ ‘పెర్సోనా’ను వాడిరి, ఆ రోమనుల ధర్మశాస్త్రవేత్తలే అదే మాటను చట్టములోనికిని తెచ్చిరి. తొడుగు ఏది యన్నది చూడవలెను గాని, లోపలి నటుడెవరన్నది కాదు.

ఈ సంగతి పల్లెవారికి క్రొత్త కాదు. దస్తావేజు వ్రాయించుకొన్న ప్రతివాడును ఎరుగును. దస్తావేజనగా మూడు పురుషలు ఆడు నాటకము. వ్రాసియిచ్చువాడు ‘నేను’, వ్రాయించుకొనువాడు ‘మీరు’, హద్దుల నడుమ పడియున్న నేల ‘అది’. ‘నాకు గల హక్కును నేటినుండి మీకు వదలితిని’ అను అర్థము గల వాక్యమే దస్తావేజు ప్రాణము. తక్కిన సర్వే నంబరు, తూర్పు పడమరలు, సాక్షుల చేవ్రాళ్లు అన్నియు దానికి కావలి. ఆ ‘నేను’ అని పలుకుటకు ఎవనికి అర్హత కలదో తేల్చుటయే చట్టము పని. పలికినవాడు పలుకదగినవాడు కానిచో కాగితము కాగితముగానే మిగులును.

ఇక చట్టమున వ్యక్తి. ఈ మాటయు వ్యాకరణమునకు పరాయిది కాదు. పాణినికి ముందరి ఆచార్యులు వ్యక్తి యనగా లింగమనియు, వచనమనగా సంఖ్యయనియు వాడిరి. పాణినియు ఒక సూత్రమున ఆ పాత మాటలనే నిలిపెను. తరువాతి వారు జాతికి ఎదురుగా, ఒక్కొక్క వస్తువును వ్యక్తి యనిరి. ఆవు అన్న మాటకు అర్థము గోజాతియా, ఎదుటనున్న ఒక్క ఆవా యని వాజప్యాయనుడు, వ్యాడి అను ఆచార్యులు చెరియొక పక్షము వహించిరి. నేడు తెలుగున వ్యక్తి యన్నచో మనిషియే స్ఫురించును. చట్టమున అట్లు కాదు. అచట వ్యక్తి యనగా ఆస్తి కలిగియుండుటకును, ఇచ్చుటకును, పుచ్చుకొనుటకును, దావా వేయుటకును, వేయబడుటకును తగినది ఏదైనను కావచ్చును. సాధారణ పదములకు అర్థము చెప్పు 1897వ సంవత్సరపు జనరల్ క్లాజుల చట్టము కంపెనీలను, సంఘములను వ్యక్తి అను మాటలో చేర్చినది. గుడిలోని దేవుడును వ్యక్తియే. ప్రతిష్ఠించిన విగ్రహము చట్టము దృష్టిలో వ్యక్తి యనియు, దాని క్షేమమునకు ప్రతినిధి ద్వారమున వాదము వినవలెననియు ప్రీవీ కౌన్సిలు 1925లో ఒక కలకత్తా కుటుంబపు వ్యాజ్యమున చెప్పెను. బొర్రా గుహలోని శివలింగమునకు మ్రొక్కువారు ఈ మాటకు ఆశ్చర్యపడరు.

మనుష్యులకు మాత్రము ఈ వ్యక్తిత్వము ఎల్లపుడును సులభముగా లభింపలేదు. కెనడా దేశమున స్త్రీలు సెనేటు సభ్యత్వమునకు అర్హులగు ‘వ్యక్తులు’ కారని 1928లో అచటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పగా, ఐదుగురు స్త్రీలు ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1929లో దానిని మార్పించుకొనిరి. తెలుగు వ్యాకరణముపైనను ఇట్టి అభియోగమొకటి కలదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి నామములను మహత్తులు, అమహత్తులు అని విభజించెను. రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, ఆవు వచ్చినది. స్త్రీ ఏకవచనమున ఆవుతో పాటు అమహత్తులలో నిలుచును. బహువచనమున ‘స్త్రీలు వచ్చినారు’ అని పురుషులతో కలియును. ఒంటిగా నున్నపుడు లేని గౌరవము నలుగురు కూడినపుడు వచ్చుట భాషా స్వభావమే గాని, ఆలోచింపదగినదే.

మరి ప్రభుత్వము? వ్యాకరణము ప్రకారము అది అమహత్తు. ‘ప్రభుత్వము ఇచ్చినది’ అని వ్రాయుదుము. కాని పల్లెలో ఎవరును అట్లు పలుకరు. ‘సర్కారువారు ఇచ్చినారు’ అందురు. కుంఫిణీవారు, దేవస్థానమువారు, బ్యాంకివారు, రైల్వేవారు అందురు. ఈ ‘వారు’ వట్టి మర్యాద కాదు. ఇచ్చుటకు, పుచ్చుకొనుటకు, అడుగుటకు, అడుగబడుటకు ఎవరో ఒకరు ఉన్నారని భాష చేయు నిర్ణయము. ‘వారు’ చేర్చినంతనే రాయివంటి సంస్థ మహత్తులలో చేరును. న్యాయవాదులు గంటలకొలది వాదించిన విషయమును తెలుగు నోరు ఒక ప్రత్యయముతో తేల్చివేసినది.

ఈ వెలుగుతో బొర్రా వ్యాజ్యమును చూడవలెను.

దాని మూలము 1917లో కలదు. ఆ యేట మద్రాసు ప్రభుత్వమువారు ఏజెన్సీ భూముల బదలాయింపుపై చట్టము చేసిరి. కొండజాతివాడు తన భూమిని, ఏజెంటు ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి ఇచ్చిననే తప్ప, పరులకు ఇచ్చినచో చెల్లదని దాని సారము. 1959లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాజ్యాంగము ఐదవ షెడ్యూలు ఇచ్చిన అధికారముతో షెడ్యూలు ప్రాంతముల భూ బదలాయింపు నిబంధనను చేసెను. అందునను ఇచ్చువాని స్థానమున గిరిజనుడే యుండెను. అనగా చట్టము గిరిజనుని చేతిని మాత్రమే పట్టుకొన్నది. అప్పటికే పరుల చేతికి పోయిన భూమి ఆ పరులలోనే చేతులు మారుచున్నను దానిని ఆపలేకపోయెను. 1970లో, ఈ కొండలలో ‘1/70’ అని పసిపిల్లలు కూడ ఎరిగిన సవరణ వచ్చెను. అందు ‘షెడ్యూలు తెగవాడు’ అను మాటలు ఇచ్చువాని స్థానమునుండి తొలగిపోయి, షెడ్యూలు తెగవాడైనను కాకపోయినను ఏ వ్యక్తి చేసిన బదలాయింపైనను చెల్లదను అర్థము వచ్చునట్లు ‘వ్యక్తి’ అను మాట వచ్చి కూర్చున్నది. పుచ్చుకొనువాడు మాత్రము గిరిజనుడో, కేవలము గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమో కావలెను. గిరిజనేతరుని చేతిలో ఏజెన్సీ భూమి కనబడినచో, అది గిరిజనునినుండియే వచ్చినదని, కాదని ఋజువగువరకు, భావింపవలెనని కూడ చేర్చిరి. ఈ సవరణ చెల్లుబాటును సర్వోన్నత న్యాయస్థానము 1988లో సమర్థించెను.

అనంతగిరి మండలమున బొర్రా రిజర్వు అడవి, దాని పరిసరమున 14 గ్రామములు. ఇచట కాల్సైటు మొదలగు ఖనిజములు కలవు. ప్రభుత్వమువారు గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చిరి. గిరిజనుల పక్షమున ‘సమత’ అను స్వచ్ఛంద సంస్థ హైకోర్టునకు పోయి 1995లో ఓడిపోయెను. అటుపై అప్పీలు. ప్రశ్న ఇంతే: ఏ వ్యక్తియు ఇయ్యరాదని చట్టము చెప్పుచున్నది, ఇచ్చినది సర్కారు, సర్కారు వ్యక్తియా?

కాదనుటకు చెప్పదగిన వాదము తేలికైనది కాదు. దానిని వ్యాకరణ పరిభాషలో చెప్పినచో ఇంకను బలముగా కనబడును. ‘బ్రాహ్మణుడు కానివానిని తెమ్ము’ అని చెప్పినచో ఎవడును మట్టిబెడ్డను తేడు. మట్టిబెడ్డయు బ్రాహ్మణుడు కాదు గదా యని వాదింపడు. మరియొక మనిషినే తెచ్చును. కాదు అను మాట తన పోలికగల దానినే సూచించునని మహాభాష్యకారుడైన పతంజలి నాటినుండి వైయాకరణుల మతము. దీనికి పర్యుదాసమని పేరు. అట్లే ‘షెడ్యూలు తెగవాడైనను కాకపోయినను’ అన్నపుడు, తెగవాడా కాదా యని అడుగుటకు వీలైన మనిషే వ్యక్తి. తెగయే లేని సర్కారును అందులోనికి లాగరాదు. ఇది చిన్న వాదము కాదని ఒప్పుకొనవలెను.

కాని నిబంధన ‘తెగ కానివాడు’ అని ఊరకొనలేదు. అయినను, కాకపోయినను అన్నది. ఈ రెండును కలిసి వచ్చినచోట కాదు అను మాట దేనిని ఏరుటకును రాదు. ఏరుట అక్కరలేదని చెప్పుటకు వచ్చును. ‘వాన వచ్చినను రాకున్నను సంత జరుగును’ అనగా వాననుగూర్చి అడుగవద్దని అర్థము. ఇచ్చువాడెవడను ప్రశ్నను విడిచి, ఇచ్చుట జరిగినదా, పుచ్చుకొన్నవాడెవడు అను రెండు ప్రశ్నలనే నిలుపుటకు 1970లో మాట మార్చిరి. అనగా చట్టము మనిషి రకమును విడిచి స్థానమును పట్టుకొన్నది. వ్యాకరణమువారి పురుష వంటిదే ఈ వ్యక్తి. ఇచ్చువాని స్థానమున కూర్చున్నది ఏదైనను వ్యక్తియే.

ఇంకొక సంగతి. రాజ్యాంగము 299వ అధికరణము ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము చేయు ఒడంబడికలు గవర్నరు పేరనే వ్రాయబడవలెను. గనుల లీజు దస్తావేజు కూడ ఒక పక్షమున గవర్నరు, రెండవ పక్షమున లీజుదారు అనియే ఆరంభమగును. ఏ వ్యక్తియు ఇయ్యరాదని నిబంధన చేసినవాడు గవర్నరు. ‘ఇచ్చితిని’ అను దస్తావేజులోని ఉత్తమ పురుషయు గవర్నరే. ఆ కుర్చీనుండియే నిషేధము, ఆ కుర్చీనుండియే దానము! ఇచ్చునపుడు వ్యక్తిగా నుండి, నిషేధము వచ్చునపుడు వ్యక్తి కాకుండ పోవుట బొమ్మ మొగము తీసి పెట్టుటవంటిది.

రాజును పేరు పెట్టి చెప్పనిదే చట్టము రాజును బంధింపదను సూత్రము ఇంగ్లండునుండి వచ్చినది. స్వతంత్రము వచ్చిన తరువాతను అది కొంతకాలము బ్రతికియుండెను. 1960లో సర్వోన్నత న్యాయస్థానము దానిని ఆదరించెను. 1967లో కలకత్తాలోని ఆర్ఫన్‌గంజి బజారును లైసెన్సు లేక నడపిన రాష్ట్ర ప్రభుత్వముపై కార్పొరేషను తెచ్చిన వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే దానిని త్రోసివేసెను. చట్టము తన్ను విడిచినదని స్పష్టముగనో, తప్పనిసరి అర్థముగనో తేలిననే తప్ప ప్రభుత్వమును అందరివలె బద్ధమని తేలెను. ప్రజారాజ్యమున ఇంతకంటె వేరు సూత్రము శోభింపదు.

బొర్రా వ్యాజ్యము విన్నది ముగ్గురు న్యాయమూర్తులు. కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్ గారలు వ్యక్తి అను మాటలో రాష్ట్ర ప్రభుత్వము చేరుననిరి. జి. బి. పట్నాయక్ గారు చేరదని భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఇద్దరి మాట నెగ్గినది. షెడ్యూలు ప్రాంతమున సర్కారు భూమిని గిరిజనేతరులకు గనుల కొరకు లీజునకు ఇచ్చుట చెల్లదని తేలెను. ఒక్క న్యాయమూర్తి అటు తిరిగినచో బొర్రా కథ వేరుగా నుండెడిది.

లీజనగా తాత్కాలికమే గదా, భూమి సర్కారుదిగానే యుండును గదా యని అడుగువారు కలరు. వ్యాకరణమున వారికి అనుకూలమైన ఉదాహరణ దొరకును. చాకలికి బట్టలిచ్చుట నిజమైన ఇచ్చుట కాదని సంస్కృత వ్యాఖ్యాతలు చెప్పుదురు. తిరిగి పుచ్చుకొనుటకే గదా ఇచ్చినది. కావున చాకలి సంప్రదానము కాడు, అచట చతుర్థీ విభక్తి రాదు. తెలుగు ఇంత సూక్ష్మము పాటింపదు. చాకలికైనను, కూతునకైనను ‘కి, కు’లే. ఈ విషయమున నిబంధన తెలుగు పద్ధతినే అనుసరించినది. తాకట్టు, లీజు, క్రయము, దానము, మారకము అన్నియు బదలాయింపులే యని అందు నిర్వచనము కలదు. ఇది యుక్తమే. చాకలి బట్టలను ఉదికి తెచ్చును; గని లీజుదారు త్రవ్వుకొనిపోయిన రాతిని తిరిగి తెచ్చునా?

తీర్పులో విడిచిన తలుపు ఒకటి కలదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ వంటి సర్కారు సంస్థలు త్రవ్వుట నిషిద్ధము కాదనిరి. ప్రభుత్వము తన సంస్థకు ఇచ్చుట తనకు తాను ఇచ్చుకొనుటయే యని కారణము. గిరిజనుల సహకార సంఘములును త్రవ్వుకొనవచ్చును. నికర లాభమున కనీసము నూటికి 20 వంతులు నీటి వసతులకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా ప్రత్యేకింపవలెనని కూడ చెప్పిరి. కాని ఒక మనిషి తన కుడిచేతి సొమ్ము ఎడమచేతికి ఇచ్చినచో ఇచ్చుట కాదు, నిజమే. ఆ ఎడమచేయి త్రవ్వినది మూడవవానికి అందించుచుండినచో ఏమనవలెను? 2005లో బాక్సైటు విషయమున ప్రభుత్వ సంస్థ త్రవ్వి ప్రైవేటు కర్మాగారమునకు అందించు ఏర్పాటు వచ్చినపుడు ఈ ప్రశ్న మరల లేచెను. 2001లో వేరొక రాష్ట్రపు అల్యూమినియము కంపెనీ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు మరియొక ధర్మాసనము బొర్రా తీర్పులోని అధికసంఖ్యాకుల అభిప్రాయముపై తమకు గట్టి సందేహములున్నవని కూడ అనెను. అచటి చట్టపు మాటలు వేరగుటచే ఆ వ్యాజ్యమును వేరుగా తేల్చిరి. కావున ఈ మాటపై తగవు పూర్తిగా చల్లారినదని తలపరాదు.

ఈ కొండలలో కొండదొర, బగత, వాల్మీకి, గదబ, పోర్జ, కోటియా మొదలగువారు నివసించుచున్నారు. 1917 మొదలు వెలువడిన చట్టములన్నియు వారిని గూర్చి పలికినవే; వారు వానిలో ఎల్లపుడును ప్రథమ పురుష, పాణిని చెప్పిన ‘మిగిలినవారు’. వారి పక్షమున వ్యాజ్యము నడచిన నాడు వారు కొంతవరకు ‘మేము’ అని పలుకగలిగిరి. ఆ పలుకుబడి నిలుచుటకు చట్టములోని మాటలు వారి చెవిని పడవలెను. తీర్పు ఇంగ్లీషున వందలకొలది పుటలు; దానిని అందరును చదువలేరు. 1/70 నిబంధనలో మూడవ ప్రకరణము మాత్రము మిక్కిలి పొడవైనది కాదు. దాని తెలుగు ప్రతి యొకటి ఈ గ్రంథాలయమున, వార్తాపత్రికలుంచు బల్లపైననే ఉంచి, సంత దినములలో అక్షరము రానివారికి చదివి వినిపించు ఏర్పాటు చేయవలెనని గ్రంథాలయ సంఘమువారికి మనవి. ‘వ్యక్తి’ అన్న మాట వచ్చినచోట చదువువారు కొంచెము ఆగి, అందులో సర్కారువారును కలరని చెప్పవలెను.